నచ్చిన కారుకు రెండే సీట్లు, ఇంట్లో ఉన్నది ముగ్గురం

పేరు వెయ్యొద్దని కోరుతూ ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. సారాంశం ఇది.

ఆయనకు 36 ఏళ్లు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే. నాలుగేళ్ల పాప. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కారుకు పదకొండేళ్లు నిండాయి, ఈమధ్య ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ జారుతోంది. దాన్ని అమ్మేసి, దాచుకున్న డబ్బు కలిపి ఇంకో కారు కొనాలి. ఆ డబ్బుకు మామూలు చిన్న కారు కొత్తది వస్తుంది. అదే డబ్బుకు, కాలేజీ రోజుల నుంచి ఆయన మనసులో ఉన్న స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండ్‌లో వస్తుంది. మూడు చూసి పెట్టుకున్నారు: 2008 నాటి మాజ్దా ఎమ్‌ఎక్స్-5, 2002 నాటి పోర్షే బాక్‌స్టర్, 2006 నాటి మాజ్దా ఆర్‌ఎక్స్-8. కొంటే రోజూ అదే వాడతారు. ఆఫీసుకు రానూ పోనూ 36 కిలోమీటర్లు.

కొత్త కారు కొన్న మొదటి మూడు నాలుగేళ్లలోనే దాని ధర బాగా పడిపోతుంది, పాత స్పోర్ట్స్ కారు పడాల్సినంత ఎప్పుడో పడిపోయింది, కాబట్టి ఇది ఖర్చు కాదు, పొదుపు అని ఆయన వాదన. ఒక కాగితం మీద లెక్కంతా వేసి భార్య ముందు పెట్టారు. ఆమె మొత్తం చదివి, "లెక్క బాగానే ఉంది. మరి నన్నెక్కడ కూర్చోబెడతారు?" అని అడిగారట. అది ఆయనకు వెటకారంలా తోచింది. మూడు వారాలుగా ఇంట్లో కారు మాట ఎవరూ ఎత్తడం లేదు. పెళ్లయి పాప పుట్టాక ఇదేం సరదా అని నాన్నగారు మందలించారు. "నా లెక్కలో తప్పెక్కడుంది? ఆమెను ఎలా ఒప్పించాలి?" అన్నవి ఆయన ప్రశ్నలు.

ఉత్తరం చివర, సంతకానికి ముందు, ఒక్క వాక్యం ఉంది. రోజూ పొద్దున ముగ్గురూ ఆ పాత కారులోనే కలిసి బయల్దేరతారట. పాపను బడి దగ్గర, ఆమెను వాళ్ల ఆఫీసు దగ్గర దించి, ఆయన తన ఆఫీసుకు వెళతారు.

సమాధానం

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ లెక్క కోసం, రెండోసారి ఆ చివరి వాక్యం కోసం. మీ ఆవిడ అడిగింది వెటకారం కాదండీ. ఆ కాగితంలో లేని ప్రశ్న అదొక్కటే. నాలుగు పేజీల ఉత్తరంలో మీరు ఆ పొద్దుటి ప్రయాణాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. ఆమెకు మాత్రం ఆ కారంటే ముందుగా గుర్తొచ్చేది అదే. ఎమ్‌ఎక్స్-5కీ బాక్‌స్టర్‌కీ ఉన్నవి రెండే సీట్లు. కారు వచ్చిన మొదటి పొద్దునే ముగ్గురిలో ఒకరు గుమ్మం దగ్గర ఆగిపోవాలి. ఆ ఒక్కరూ ఎవరో ఆమెకు తెలుసు.

ముందు మీ లెక్క చూద్దాం. సగం నిజం. ధర పడిపోవడం గురించి మీరు చెప్పింది సరైనదే, పదిహేనేళ్లు దాటిన మంచి స్పోర్ట్స్ కారును రెండేళ్లు వాడి అమ్మినా పెద్దగా నష్టం ఉండకపోవచ్చు. మిగతా సగం ఏమిటంటే, ధర దిగింది కారుకు మాత్రమే. దాని స్పేర్ పార్ట్స్‌కు దిగలేదు. ఇరవై ఏళ్ల కిందట బాగా డబ్బున్నవాళ్లు కొన్న కారు ఇవాళ మీ బడ్జెట్‌లోకి వచ్చింది, కానీ దాని బ్రేక్ డిస్కులు, షాక్ అబ్జార్బర్లు, క్లచ్ ఇప్పటికీ ఆ డబ్బున్నవాళ్ల ధరలోనే దొరుకుతాయి. అసలు ధర అంతగా పడిపోవడానికి ఒక కారణం కూడా అదే, కొనేవాళ్లు ఆ ఖర్చుకు భయపడటం. మీ కాగితంలో కొన్న ధర, అమ్మే ధర, పెట్రోలు ఉన్నాయి. టైర్లు లేవు, ఇన్సూరెన్స్ పాత కారుదే వేశారు, రిపేర్ల దగ్గర ఒక చిన్న అంకె వేసి వదిలేశారు. కారు షెడ్డులో ఉన్న రోజులు అసలే లేవు. ఒకే కారున్న ఇంట్లో ఆ రోజులే అన్నిటికన్నా ఖరీదైనవి. మామూలు కారుకు పార్టు సాయంత్రానికి వస్తుంది, ఇలాంటి కార్లకు కొన్నిటికి వారం, రెండు వారాలు ఆగాలి.

మీరు చూసిన మూడు కార్లూ ఒక్కలాంటివి కావు. ఒకే పేరు కింద కలిపేశారు గానీ, రోజూ వాడకం దగ్గరికి వచ్చేసరికి వాటి మధ్య చాలా దూరం ఉంది.

ఆర్‌ఎక్స్-8ని మీరు రాజీమార్గంగా రాశారు, నాలుగు తలుపులు, నాలుగు సీట్లు అని. వెనక తలుపులు వెనకవైపు కీళ్ల మీద తెరుచుకుంటాయి, ముందు తలుపు తీస్తే గానీ అవి రావు. అయినా పాప సీటు వెనక పడుతుంది, అది నిజమే. ఇబ్బంది ఇంజన్‌తో. అందులో పిస్టన్లు ఉండవు, మూడు మూలల రోటర్ తిరుగుతుంది. ఆ మూలల దగ్గర ఉండే సీల్స్‌కు నూనె అందాలి కాబట్టి ఆ ఇంజన్ పుట్టుకతోనే కొద్దికొద్దిగా ఆయిల్ కాలుస్తుంది. అది రోగం కాదు, దాని పద్ధతే అంత. తరచూ ఆయిల్ చూసి పోసుకునేవాళ్ల దగ్గర బతుకుతుంది, మరిచిపోయేవాళ్ల దగ్గర సీల్స్ అరిగి కంప్రెషన్, అంటే ఇంజన్ లోపల గాలినీ పెట్రోలునూ నొక్కిపట్టే ఒత్తిడి, పోతుంది. ఇంజన్ సైజు 1.3 లీటర్లే, తాగే పెట్రోలు మాత్రం పెద్ద ఇంజన్ తాగినంత. ఇంకో సంగతి, చల్లటి ఇంజన్‌ని స్టార్ట్ చేసి వేడెక్కకముందే ఆపేస్తే స్పార్క్ ప్లగ్గులు పెట్రోలులో తడిసిపోయి మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు. బడి దగ్గర ఒకసారి, ఆఫీసు దగ్గర ఒకసారి ఆపి తీసే మీ పొద్దుటి ప్రయాణం దానికి సరిపడదు. దాన్ని ప్రేమించి పోషించేవాళ్లు ఉన్నారు, వాళ్లలో చాలామందికి ఇంట్లో ఇంకో కారు ఉంటుంది. ఇంత చెప్పినా మనసు దాని మీదే ఉంటే, రోటరీ ఇంజన్ కంప్రెషన్ కొలిచే పరికరం ఉన్న మెకానిక్ దగ్గర పరీక్ష చేయించకుండా మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి. మామూలు కంప్రెషన్ గేజ్ దానికి పనికిరాదు.

బాక్‌స్టర్ మూడింటిలో ఆశ పెట్టే కారు. ఇంజన్ సీట్ల వెనక, కారు నడుమన ఉంటుంది, డిక్కీలు ముందొకటి వెనకొకటి. నడపడానికి అంత బావుండే కారు ఆ ధరకు దొరకడం అరుదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ తరం ఇంజన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ అని, లోపల తిరిగే ఒక ఇరుసును మోసే చిన్న భాగం ఒకటుంది. అన్ని కార్లలోనూ పోతుందని కాదు, పోయినప్పుడు మాత్రం ఇంజన్ మొత్తాన్ని తీసుకుపోతుంది. గేర్‌బాక్స్ దించితే గానీ అది చేతికి అందదు, అందుకని క్లచ్ మార్చేటప్పుడే అదీ మార్పిస్తారు. మీరు చూసిన కారు ఓనర్ దగ్గర ఆ పని చేయించిన బిల్లు ఉందా అని అడగండి. బిల్లు లేకపోతే ఆ పని జరగలేదనే అనుకోండి, క్లచ్, బేరింగ్ ఖర్చు ధరలో కలిపి చూడండి. అప్పుడు మీ కాగితంలో మొదటి వరుసలోనే అంకె మారిపోతుంది.

ఎమ్‌ఎక్స్-5 దగ్గరికి వచ్చేసరికి నా మాట కొంచెం మెత్తబడుతుంది, దాచుకోను. 1989లో మొదలై 2016కల్లా పది లక్షల కార్లు తయారైన మోడల్ అది, రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలో ఎక్కువ అమ్ముడుపోయింది అదే. అన్ని కార్లు తిరుగుతున్నాయి కాబట్టి పార్టులూ దొరుకుతాయి, చేయి తిరిగిన మెకానిక్కులూ దొరుకుతారు. మీరు చూసింది మూడో తరం కారు. ఇంజన్ ముందు ఉంటుంది, మామూలు నాలుగు సిలిండర్లది, టైమింగ్ బెల్ట్ కాదు, చైన్. నాలుగు టైర్లూ ఒకే సైజు, కాబట్టి ముందువి వెనక్కి మార్చి సమంగా అరగదీయవచ్చు. రోజూ వాడుకునే స్పోర్ట్స్ కారు అన్న మాట నిలబడేది ఇలాంటి కార్ల దగ్గరే. డిక్కీ సుమారు 150 లీటర్లు, అంటే వారానికి సరిపడా సరుకులు పడతాయి, పాప సైకిల్ పట్టదు.

టాపు మడిచి తీసే ఇలాంటి కార్లకు జబ్బు పెద్ద చప్పుడుతో రాదు. నా దగ్గర చాలా ఏళ్లు గుడ్డ టాపు ఉన్న పాత కారు ఒకటి ఉండేది. ఒకసారి రాత్రంతా వాన పడింది. పొద్దున తలుపు తీయగానే తడి గోనెసంచి వాసన. సీటు వెనక కార్పెట్ మీద అరచెయ్యి ఆనించి నొక్కితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు పైకొచ్చాయి. టాపు ఎక్కడా చిరగలేదు. టాపు మడిచే చోట, రెండు మూలలా, వాన నీళ్లు కిందికి పోవడానికి చిటికెన వేలంత రంధ్రాలుంటాయి. ఎండుటాకుల పొడి, దుమ్ము కలిసి అక్కడ ముద్దలా గడ్డకట్టాయి. సన్నటి ప్లాస్టిక్ గొట్టం మెల్లగా తిప్పుతూ పోనిస్తే నల్లటి మట్టి ఊడివచ్చింది. ఆపైన ఒక గ్లాసుడు నీళ్లు పోస్తే వెనక చక్రం ముందు నుంచి ధారగా కారిపోయాయి. పని పది నిమిషాలే, కానీ నాకన్నా ముందున్న ఓనర్ ఆ పది నిమిషాలు ఏళ్ల తరబడి పెట్టలేదు. ఆ నీళ్లు తలుపు కింద ఉండే పెట్టె లాంటి రేకు భాగంలోకి దిగి, లోపలి నుంచి తుప్పు పట్టించాయి. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంది. మీరు కారు చూడటానికి వెళ్లినప్పుడు ఇంజన్ చప్పుడు వినేముందు సీటు వెనక కార్పెట్ మీద చెయ్యి పెట్టండి, కారును లిఫ్ట్ మీద ఎత్తించి ఆ అంచులు వేళ్లతో తట్టి చూడండి.

ఇంజన్ వేడి చేసి పెట్టొద్దని ముందుగా ఫోన్ చేసి చెప్పండి, చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి పొగ రంగు, మొదటి నిమిషం చప్పుడు గమనించండి. చల్లటి గేర్‌బాక్స్‌తో రెండో గేరు వేసినప్పుడు గరగరలాడితే ఎవరో దాన్ని మొరటుగా నడిపి ఉండొచ్చు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 3519 అని ఉంటే 2019లో 35వ వారం తయారైందని. గాట్లు లోతుగానే ఉన్నా ఎన్నేళ్ల టైరో చూడకుండా నమ్మకండి. నాలుగు టైర్లూ నాలుగు కంపెనీలవైతే ఆ ఓనర్ చేతికి దొరికింది వేసుకుంటూ పోయాడని అర్థం, మిగతా పనులూ అలాగే చేయించి ఉంటాడు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి, ఆ బిల్లులు చూస్తే మనిషి తెలిసిపోతాడు. కారు ఎత్తు తగ్గించి, సైలెన్సర్ మార్చి, ఇంకేవో అమర్చిన బండి అయితే నేను వదిలేస్తాను. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉన్న కారే మీకు కావాలి. పరీక్ష చేసే మెకానిక్ అమ్మే మనిషి తాలూకు కాకూడదు. ఇన్సూరెన్స్ వాళ్లకు కారు మోడల్, ఏడాది చెప్పి, కొనకముందే రేటు అడగండి.

ఇక మీ ముందున్న దారులు. పాత కారు అమ్మేసి ఎమ్‌ఎక్స్-5 ఒక్కటే ఉంచుకోవడం మొదటిది, మీ ఉత్తరంలో ఉన్నదీ అదే. అలా చేస్తే మీ ఆవిడ రోజూ వేరే ఏర్పాటు చూసుకోవాలి, ఆ ఖర్చూ సమయమూ మీ లెక్కలో పడాలి. పాపను మీరు ముందు సీట్లో తీసుకెళ్లాలి. నాలుగేళ్ల పిల్లకు తగిన సీటు కట్టి, ఆ సీటును వీలైనంత వెనక్కి జరిపి, ఆ వైపు ఎయిర్‌బ్యాగ్ విషయంలో కారు మాన్యువల్ ఏం చెబితే అది తు.చ. తప్పకుండా చెయ్యాలి. రేపు ఇంకో బిడ్డ అనుకుంటే, వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటును పనిచేస్తున్న ఎయిర్‌బ్యాగ్ ముందు ఎప్పుడూ పెట్టకూడదు. ముగ్గురూ కలిసి ఎక్కడికీ వెళ్లలేని ఇల్లవుతుంది మీది. కొంతమంది అలా బతుకుతారు, వాళ్లను తప్పుపట్టను. కానీ ఇద్దరూ ఒప్పుకుని అలా బతకడం వేరు, ఒకరు సర్దుకుపోవడం వేరు.

రెండో దారి, పాత కారు అమ్మకపోవడం. అమ్మితే వచ్చేది అంతంతమాత్రమేనని మీరే రాశారు. క్లచ్ మార్పిస్తే అది ఇంకా కొన్నేళ్లు లాగుతుంది. స్పోర్ట్స్ కారు షెడ్డులో ఉన్నప్పుడు ఇల్లు ఆగిపోదు. అయితే రెండు ఇన్సూరెన్సులు, రెండు బండ్లకు చోటు, రెండింటి మెయింటెనెన్స్. అప్పుడిక మీరు కొనేది మీరనుకున్న కారు కన్నా కొంత చవకది అవ్వాలి. ఇంకో చిక్కు ఉంది. పాత కారు ఆమెకు, కొత్త సరదా మీకు అన్నట్టు తయారైతే అది కారు గొడవ కన్నా పెద్దదవుతుంది. ఆమెకూ డ్రైవింగ్ వచ్చని రాశారు, రెండు తాళాలూ ఇద్దరివీ అయ్యేట్టయితేనే ఈ దారి.

మూడోది, వేగంగా పోయే చిన్న ఫ్యామిలీ కారు. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ, సుజుకీ స్విఫ్ట్ స్పోర్ట్ లాంటివి. మలుపు తిరుగుతుంటే మొహంలో నవ్వు వస్తుంది, వెనక పాప సీటు పడుతుంది, డిక్కీలో సామాను పడుతుంది. టాపు తీసి ఆకాశం చూసే భాగ్యం ఉండదు, మీ మనసులో ఉన్న కారు ఇదీ కాదు. దీన్ని ఓడిపోయి తీసుకుంటే ఏడాది తిరక్కుండా అమ్మేస్తారు. ఒకసారి నడిపి, నచ్చితేనే. 2012లో వచ్చిన టొయోటా జీటీ86 లాంటి వాటికి వెనక రెండు సీట్లున్నాయి గానీ అవి పెద్దవాళ్లకు కావు. పాప ముందు సీటు వెనక ఎలాగో ఇముడుతుంది, రెండేళ్లు పోతే పాప కాళ్లూ పట్టవు.

నాలుగోది ఆగడం. ఇప్పుడు పాత కారుకు క్లచ్ వేయించి, రెండేళ్లు నెలకింత అని కారు పేరుతో పక్కన పెట్టడం. మీరు చూసిన కారు పోతుంది, ఆ మోడల్ పోదు. ఈలోగా ఎక్కడైనా అద్దెకు దొరికితే రెండు రోజులు తీసుకుని మీ ఆఫీసు దారిలోనే నడపండి, ఖాళీ రోడ్డు మీద కాదు. ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కి తొక్కి మోకాలు ఎలా ఉందో, లారీ పక్కన ఆగితే దాని చక్రం మీ తలకు సమానంగా ఎలా కనిపిస్తుందో చూడండి. అది కూడా నచ్చితే ఆ ఇష్టం నిలబడేదే.

ఏ దారి పట్టినా, కారు ధరలో కనీసం పాతిక శాతం మొదటి ఏడాది రిపేర్లకని చేతిలో ఉంచుకోండి. అంత మిగలకపోతే ఆ కారు మీ బడ్జెట్‌లో లేనట్టే. ఇది నా అనుభవంలో కుదిరిన లెక్క, కొంచెం అటూ ఇటూ కావచ్చు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ఆమెను ఎలా ఒప్పించాలి అని. ఒప్పించే పని కాసేపు పక్కన పెట్టండి. మీకా కారు కావాలి. పదిహేనేళ్లుగా కావాలి. ఉత్తరంలో ఎమ్‌ఎక్స్-5 గురించి రాసిన పేరాలో మీ అక్షరాలు కూడా మారాయి. కోరిక ఉండటంలో తప్పేమీ లేదు, కష్టపడి సంపాదించుకునేవాళ్లకు ఒక సరదా ఉండకూడదని నేనెప్పుడూ అనను. మీ నాన్నగారి మాటతో నేను ఏకీభవించనిది అక్కడే. కానీ మీరు ఆ కోరికకు పొదుపు అని పేరు పెట్టి ఆమె ముందు పెట్టారు. పొదుపు అంటే ఆమె ఏం చేస్తుంది? లెక్క చూస్తుంది, లెక్కలో లేనిది అడుగుతుంది. మీకేమో కోరికనే కాదన్నట్టు తగిలింది. ఆమె ఇంకా మీ కోరిక మాట వినలేదు, ఎందుకంటే మీరది చెప్పలేదు. నాకు రాసినట్టు ఆమెకు చెప్పండి. మొదటిసారి ఆ కారు ఎక్కడ చూశారో, అప్పుడు ఏమనిపించిందో చెప్పండి. ఆ తర్వాత ఆమెను అడగండి, ఆ డబ్బు ఆమె చేతికిస్తే ఏం చేస్తుందని. మీరు ఈ ప్రశ్న అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆమెకూ ఏదో ఒకటి ఏళ్లుగా మనసులో ఉండే ఉంటుంది. రెండూ బల్ల మీదికి వచ్చాక నాలుగు దారుల్లో ఏది వీలవుతుందో ఇద్దరికీ కనపడుతుంది.

కారు చూడటానికి వెళ్లేరోజు ఆమెనూ తీసుకెళ్లండి. పక్క సీట్లో కాదు, స్టీరింగ్ ముందు. క్లచ్ దాకా కాలు సుఖంగా అందుతుందో, వెనక ఏమి కనిపిస్తోందో ఆమె చూసుకోవాలి. ఆమెకు నచ్చకపోతే అక్కడే చెబుతుంది, నచ్చితే మీరు ఇంకో మాట మాట్లాడే పనే ఉండకపోవచ్చు. ఈలోగా ఆ పాత కారు క్లచ్ సంగతి నిర్లక్ష్యం చెయ్యకండి. పాపతో ఎత్తు ఎక్కే బండి అది, ఈ వారమే మెకానిక్‌కు చూపించండి.